పంటి నొప్పి ఓడ కోసం ఆగదు: అండమాన్‌ నికోబార్‌ దీవుల్లో నోటి ఆరోగ్యం, చికిత్సలు, నిత్య సంరక్షణ

పంటి జబ్బుల్లో నేరుగా ప్రాణం మీదకు తెచ్చేవి తక్కువే. అయితే నిర్లక్ష్యం చేసిన కొద్దీ బాధ, ఖర్చు, చికిత్సకు పట్టే కాలం మూడూ పెరిగే జబ్బుల్లో అవి ముందు వరుసలో ఉంటాయి. చిన్న పుచ్చుగా ఉన్నప్పుడు అరగంటలో ముగిసే పని, దంత మజ్జ దాకా పాకిన తర్వాత రెండు మూడు విడతల రూట్‌ కెనాల్‌గా మారుతుంది. చీము పట్టి వాపు మెడకు దిగితే ఆసుపత్రిలో చేరక తప్పని స్థితి వస్తుంది. వీధి చివరే దంత వైద్యశాల ఉన్న నగరవాసికి ఈ ఆలస్యం వల్ల కలిగే నష్టం కొంత. బంగాళాఖాతం నడుమ 700 కిలోమీటర్లకు పైగా పరచుకున్న అండమాన్‌ నికోబార్‌ దీవుల ప్రజలకు ఆ నష్టం అనేక రెట్లు.

నోటి వ్యాధులు ప్రపంచంలో అత్యధికులను బాధిస్తున్న ఆరోగ్య సమస్యల్లో ఒకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించిన నివేదిక ప్రకారం సుమారు 350 కోట్ల మంది ఏదో ఒక నోటి వ్యాధితో జీవిస్తున్నారు. శాశ్వత దంతాలు పుచ్చిన వారు సుమారు 200 కోట్ల మంది కాగా, పాల పళ్లు పుచ్చిన చిన్నారులు 50 కోట్లకు పైనే. వీటిలో చాలా భాగం నివారించదగినవేనని ఆ నివేదిక స్పష్టం చేసింది. వైద్యుడు దూరంగా ఉన్న చోట నివారణే మొదటి చికిత్స అవుతుంది. దీవులు చెప్పే పాఠం కూడా అదే.

దూరమే అసలు చిక్కు

అండమాన్‌ నికోబార్‌ సముదాయంలో 800కు పైగా దీవులు, దిబ్బలు ఉన్నప్పటికీ మనుషులు నివసించేవి నలభై లోపే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడి జనాభా 3,80,581. వీరిలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి చేపల వేటకు, కూలి పనులకు, వ్యాపారానికి, ఉద్యోగాలకు తరలివచ్చి స్థిరపడిన కుటుంబాలు వీటిలో ఎన్నో ఉన్నాయి. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌ బ్లెయిర్‌ ఈ కేంద్రపాలిత ప్రాంతానికి రాజధాని. విశాఖపట్నం, చెన్నై రేవుల నుంచి ఈ నగరం సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఓడలో ప్రయాణానికి దాదాపు మూడు రోజులు పడుతుంది.

దీవుల లోపలి దూరాలూ తక్కువేమీ కావు. కార్‌ నికోబార్‌ రాజధానికి సుమారు 270 కిలోమీటర్ల దూరంలో ఉంటే, గ్రేట్‌ నికోబార్‌లోని క్యాంప్‌బెల్‌ బే 500 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. ఉత్తరాన ఉన్న దిగ్లీపూర్‌ నుంచి రాజధానికి అండమాన్‌ ట్రంక్‌ రోడ్డు మీదుగా సుమారు 300 కిలోమీటర్లు ప్రయాణించాలి. జారవా తెగ రక్షిత ప్రాంతం గుండా వెళ్లే ఆ రోడ్డులో వాహనాలను నిర్ణీత వేళల్లో వరుసలుగా మాత్రమే అనుమతిస్తారు. వర్షకాలంలో సముద్రం ఉగ్రరూపం దాల్చితే పడవలు రద్దవుతాయి. హెలికాప్టర్‌ సేవలు ఉన్నా సీట్లు పరిమితం.

రాజధానిలోని జి.బి.పంత్‌ ఆసుపత్రి దీవులన్నింటికీ పెద్ద దిక్కు. మాయాబందర్‌లోని డాక్టర్‌ ఆర్‌.పి. ఆసుపత్రి, కార్‌ నికోబార్‌లోని బిషప్‌ జాన్‌ రిచర్డ్‌సన్‌ ఆసుపత్రి జిల్లా స్థాయి సేవలు అందిస్తున్నాయి. సాధారణ పంటి వైద్యం దొరికినా, దవడ శస్త్రచికిత్స, క్యాన్సర్‌ చికిత్స వంటి అవసరాలు ఏర్పడినప్పుడు రోగులు చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం వంటి నగరాల వైపు చూడక తప్పదు. అందుచేత పంటి నొప్పిని పంటి బిగువున భరించే అలవాటు మరెక్కడి కంటే ఇక్కడ ఎక్కువ చేటు చేస్తుంది.

పన్ను ఎలా పుచ్చుతుంది

పంటి పైభాగాన ఉండే ఎనామిల్‌ మానవ శరీరంలోకెల్లా గట్టి పదార్థం. దాని కింద డెంటిన్‌, లోపల నరాలు, రక్తనాళాలు ఉండే మజ్జ ఉంటాయి. భోజనం తర్వాత పళ్లపై పేరుకునే మెత్తటి పొరను పాచి అంటారు. అందులోని సూక్ష్మక్రిములు చక్కెరను, పిండి పదార్థాలను ఆమ్లంగా మారుస్తాయి. నోటిలో పీహెచ్‌ విలువ సుమారు 5.5 కంటే తగ్గినప్పుడు ఎనామిల్‌లోని ఖనిజాలు కరగడం మొదలవుతుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని అరగంట నుంచి గంట సేపట్లో తటస్థీకరించి, ఖనిజాలను కొంతవరకు తిరిగి చేరుస్తుంది. రోజంతా సాగే ఈ కరుగుదల, పూడికల మధ్య తూకం తప్పినప్పుడే పన్ను పుచ్చుతుంది.

తీపి ఎంత తిన్నారన్న దానితో పాటు ఎన్నిసార్లు తిన్నారన్నది కూడా కీలకమే. భోజనంతో పాటు ఒకసారి తిన్న మిఠాయి కంటే, రోజంతా కొద్దికొద్దిగా తాగే చక్కెర టీ, మధ్య మధ్య నమిలే బిస్కెట్లు, శీతల పానీయాలు పంటికి ఎక్కువ హాని చేస్తాయి. పడవల మీద రాత్రింబవళ్లు పని చేసే మత్స్యకారులకు, తరచూ టీ తాగే కార్మికులకు ఈ విషయం మరింతగా వర్తిస్తుంది. ఆహారంలో కలిపే చక్కెరల ద్వారా లభించే శక్తి రోజువారీ మొత్తంలో 10 శాతానికి మించరాదని, 5 శాతం లోపు ఉంటే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది.

పుచ్చు తొలి గుర్తు నల్లని రంధ్రం కాదు. చిగురు అంచున కనిపించే సుద్దలాంటి తెల్లని మచ్చ. ఆ దశలో ఫ్లోరైడ్‌తో, ఆహార నియమంతో దానిని ఆపవచ్చు, కొన్నిసార్లు వెనక్కి మళ్లించవచ్చు కూడా. డెంటిన్‌ దాకా చేరితే చల్లని, తీపి పదార్థాలకు పన్ను జివ్వుమంటుంది. మజ్జను తాకిన తర్వాత నొప్పి దానంతటదే మొదలై, రాత్రివేళ పడుకున్నప్పుడు తీవ్రమవుతుంది. ఆ నొప్పి కొన్నాళ్లకు హఠాత్తుగా తగ్గిపోతే జబ్బు నయమైందని సంతోషించరాదు. మజ్జ చనిపోవడం వల్ల నొప్పి తెలియకపోవచ్చు. క్రిములు మాత్రం వేరు చివర చీము గడ్డను తయారు చేస్తూనే ఉంటాయి.

ఫ్లోరైడ్‌: ఎక్కువైనా చేటే, తక్కువైనా లోటే

తెలుగువారికి ఫ్లోరైడ్‌ అనగానే నల్గొండ గుర్తుకు వస్తుంది. దేశంలో ఫ్లోరోసిస్‌ వ్యాధిని తొలిసారి శాస్త్రీయంగా నమోదు చేసింది కూడా తెలుగు నేలపైనే. 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో దానిని గుర్తించారు. భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్‌ మితిమీరితే పిల్లల పళ్లపై గోధుమరంగు చారలు ఏర్పడతాయి. ఏళ్ల తరబడి అదే నీరు తాగితే ఎముకలు వంకర పోతాయి. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడ్‌ ఉండవచ్చని, ప్రత్యామ్నాయం లేని చోట 1.5 మిల్లీగ్రాములు మించరాదని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి.

దీవుల పరిస్థితి వేరు. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురిసే ఈ ప్రాంతంలో తాగునీటికి ప్రధాన ఆధారం వాన నీరే. రాజధానికి నీరందించే ధనిఖారి జలాశయం కూడా వర్షంతో నిండేదే. వాన నీటిలో సహజంగా ఫ్లోరైడ్‌ చాలా స్వల్పం. కాబట్టి పళ్లకు అవసరమైన ఫ్లోరైడ్‌ నీటి ద్వారా అందుతుందని ఇక్కడివారు భరోసా పెట్టుకోవడానికి లేదు. ఫ్లోరైడ్‌ పీడిత ప్రాంతం నుంచి వచ్చిన కుటుంబాలు ఆ భయంతో ఫ్లోరైడ్‌ లేని పేస్టులనే కొనడం ఇక్కడ మేలు కంటే కీడే చేస్తుంది. టూత్‌పేస్టులోని ఫ్లోరైడ్‌ పంటి పైపొరపై పని చేస్తుంది. మింగకుండా ఉమ్మివేస్తే దాని వల్ల ఎముకలకు ప్రమాదం లేదు. దేశంలో అమ్మే పేస్టుల్లో ఫ్లోరైడ్‌ 1,000 పీపీఎం మించరాదన్న నిబంధన ఉంది. ఆ పరిమాణం, గడువు తేదీ చూసి కొనడం మంచిది.

చిగుళ్ల వ్యాధి: నొప్పి లేని దొంగ

పాచిని రోజూ తొలగించకపోతే అది లాలాజలంలోని ఖనిజాలతో కలిసి గట్టిపడి గారగా మారుతుంది. గార అంచున చిగుళ్లు ఎర్రబడి, వాచి, తోముకునేటప్పుడు రక్తం చిమ్ముతుంది. ఈ దశను జింజివైటిస్‌ అంటారు. శుభ్రం చేయిస్తే ఇది పూర్తిగా తగ్గుతుంది. అశ్రద్ధ చేస్తే వ్యాధి చిగురు కిందికి దిగి, పంటిని పట్టి ఉంచే ఎముకను తినేస్తుంది. ఈ దశ పేరు పెరియోడాంటైటిస్‌. కరిగిన ఎముక తిరిగి రావడం కష్టం. నొప్పి లేకుండానే పళ్లు కదలడం, వాటి మధ్య సందులు పెరగడం, నోటి దుర్వాసన దీని లక్షణాలు.

రక్తం వస్తోందని తోముకోవడం మానేయడం చాలామంది చేసే పొరపాటు. అలా మానేస్తే పాచి మరింత పేరుకుని రక్తస్రావం ఎక్కువవుతుంది. మృదువైన కుంచెలున్న బ్రష్‌తో నెమ్మదిగా తోముతూ, వైద్యుని వద్ద స్కేలింగ్‌ చేయించుకోవాలి. స్కేలింగ్‌ వల్ల పళ్లు కదులుతాయన్నది అపోహ. అప్పటికే ఎముక కరిగి వదులైన పళ్లను గార సిమెంటులా పట్టి ఉంచుతుంది. అది తొలగినప్పుడు అసలు పరిస్థితి బయటపడుతుంది, అంతే.

మధుమేహానికి, చిగుళ్ల వ్యాధికి రెండు వైపులా సంబంధం ఉంది. చక్కెర అదుపు తప్పితే చిగుళ్లు త్వరగా చెడతాయి. చిగుళ్లలో వాపు ఉంటే చక్కెర అదుపులోకి రావడం కష్టమవుతుంది. మధుమేహ రోగులు ఆరు నెలలకు ఒకసారైనా చిగుళ్లను పరీక్ష చేయించుకోవాలి.

వక్క, సున్నం, పొగాకు

దీవుల నోటి ఆరోగ్యంపై పడుతున్న అతి పెద్ద నీడ పొగాకు. 1983 నుంచి పోర్ట్‌ బ్లెయిర్‌లో పని చేస్తున్న భారత వైద్య పరిశోధన మండలి ప్రాంతీయ కేంద్రం 18,018 మందిపై జరిపిన అధ్యయనం 2012లో ప్రచురితమైంది. వారిలో దాదాపు సగం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్టు, ఎక్కువ మంది నమిలే పొగాకుకే అలవాటు పడినట్టు ఆ అధ్యయనంలో తేలింది. వాడకందారుల్లో అధికులు 21 ఏళ్లు నిండకముందే మొదలుపెట్టారు. 2016-17లో జరిగిన జాతీయ సర్వే ప్రకారం దేశవ్యాప్తంగా పొగాకు వాడే పెద్దలు 28.6 శాతం. ఈ రెండూ వేర్వేరు పద్ధతుల్లో, వేర్వేరు కాలాల్లో చేసిన లెక్కలే అయినా, దీవుల్లో సమస్య తీవ్రతను అవి సూచిస్తున్నాయి.

కొబ్బరితో పాటు వక్క దీవుల ప్రధాన తోట పంట. తమలపాకు, వక్క, సున్నం కలిపి నమలడం నికోబారీ సమాజంలో అతిథి మర్యాదతో ముడిపడిన పాత ఆచారం. వలస వచ్చిన తెలుగు, తమిళ, బెంగాలీ కుటుంబాలకూ తాంబూలం పరాయిది కాదు. పొగాకు లేకుండా వక్క మాత్రమే నమిలితే ప్రమాదం లేదన్న నమ్మకం విస్తృతంగా ఉంది. అది నిజం కాదు. అంతర్జాతీయ క్యాన్సర్‌ పరిశోధన సంస్థ 2004లో వక్కను సైతం మనుషుల్లో క్యాన్సర్‌ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది.

ఏళ్ల తరబడి వక్క నమిలేవారిలో బుగ్గల లోపలి పొర గట్టిపడి, నోరు క్రమంగా తెరుచుకోకుండా పోవడాన్ని సబ్‌మ్యూకస్‌ ఫైబ్రోసిస్‌ అంటారు. కారం తగిలితే మంట పుట్టడం దీని తొలి సూచన. మూడు వేళ్లు నిలువుగా నోట్లో పట్టకపోతే వెంటనే వైద్యుని సంప్రదించాలి. ఈ స్థితి క్యాన్సర్‌గా మారే ప్రమాదం ఉంది. అలవాటు మానడమే చికిత్సలో మొదటి మెట్టు.

శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి వచ్చిన కుటుంబాల్లోని పెద్దవారి విషయంలో మరో అలవాటును గమనించాలి. చుట్ట నిప్పు వైపును నోటి లోపల పెట్టుకుని పీల్చే అడ్డపొగ ఉత్తరాంధ్ర తీరాన, ముఖ్యంగా మహిళల్లో, తరాలుగా కొనసాగింది. ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది గ్రామీణులపై జరిపి 1971లో ప్రచురించిన అధ్యయనం, ఈ అలవాటు అంగిలిపై కలిగించే మార్పులను ప్రపంచ వైద్యుల దృష్టికి తెచ్చింది. సాధారణంగా అరుదైన అంగిలి క్యాన్సర్‌ అడ్డపొగ తాగేవారిలో ఎక్కువగా కనిపిస్తుంది. అంగిలి తెల్లబడటం, దానిపై ఎర్రని చుక్కలు లేదా పుండు ఏర్పడటం ఉపేక్షించరాని లక్షణాలు.

జారవా వంటి ఆదిమ తెగల ఆరోగ్యానికి బయటి అలవాట్లు పెను ముప్పు. వేట, చేపలు, తేనె, అడవి దుంపలపై ఆధారపడిన వారి జీవనంలోకి పొగాకు, తీపి తినుబండారాలు ప్రవేశించకుండా చూడటం బయటివారి బాధ్యత. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధనల కింద వారి రక్షిత ప్రాంతాల్లోకి అనుమతి లేకుండా ప్రవేశించడం నేరం. ట్రంక్‌ రోడ్డుపై ప్రయాణించేటప్పుడు వారికి తినుబండారాలు ఇవ్వరాదని యంత్రాంగం హెచ్చరికలు ఏర్పాటు చేసింది.

రెండు వారాల నియమం

దేశంలో ఏటా లక్షకు పైగా కొత్త నోటి క్యాన్సర్‌ కేసులు నమోదవుతున్నాయి. నోరు తెరిచి చూస్తే కనిపించే చోట మొదలయ్యే ఈ వ్యాధిని తొలి దశలోనే పట్టుకోవచ్చు. కేరళలోని తిరువనంతపురం జిల్లాలో జరిగిన దీర్ఘకాలిక పరిశోధన ఫలితాలు 2005లో వెలువడ్డాయి. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు కంటితో చేసే పరీక్ష వల్ల, పొగాకు లేదా మద్యం అలవాటున్న వారిలో నోటి క్యాన్సర్‌ మరణాలు మూడో వంతు మేర తగ్గినట్టు అవి తెలిపాయి. ఖరీదైన యంత్రాలు లేని దీవుల్లో ఈ ఫలితానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది.

రెండు వారాలు దాటినా మానని పుండు, తుడిచినా పోని తెలుపు లేదా ఎరుపు మచ్చ, కారణం లేకుండా కదిలే పన్ను, మెడలో గడ్డ, మింగడంలో ఇబ్బంది, నాలుక లేదా పెదవి తిమ్మిరి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా పరీక్ష అవసరం. 30 ఏళ్లు పైబడిన వారికి ఆరోగ్య కేంద్రాల్లో నోటి క్యాన్సర్‌ పరీక్ష నిర్వహించడం జాతీయ కార్యక్రమంలో భాగం. నెలకు ఒకసారి అద్దం ముందు, మంచి వెలుతురులో పెదవులు, బుగ్గలు, నాలుక పక్కలు, అంగిలి స్వయంగా చూసుకోవడం మంచి అలవాటు.

ప్రధాన చికిత్సలు

ఫిల్లింగ్‌: పుచ్చిన భాగాన్ని తొలగించి, పంటి రంగు కాంపొజిట్‌తో గానీ, గ్లాస్‌ అయనమర్‌ సిమెంటుతో గానీ పూడుస్తారు. చాలావరకు ఒక్క విడతలో పూర్తవుతుంది.

రూట్‌ కెనాల్‌: మజ్జ దెబ్బతిన్నప్పుడు దానిని తొలగించి, వేరు లోపలి కాలువలను శుభ్రపరచి మూసివేస్తారు. ఒకటి నుంచి మూడు విడతలు పట్టవచ్చు. దవడ పళ్లకు దీని తర్వాత క్యాప్‌ వేయించకపోతే పన్ను విరిగే ప్రమాదం ఉంది. విడతల మధ్య వేసే తాత్కాలిక ఫిల్లింగ్‌ కొద్ది వారాలకే పరిమితం. నొప్పి తగ్గిందని చికిత్సను సగంలో వదిలేస్తే చేసినదంతా వృథా అవుతుంది.

పన్ను తీయించడం: పంటిని కాపాడే మార్గం లేనప్పుడు మాత్రమే ఆశ్రయించాల్సిన పద్ధతి. దూదిని అరగంటకు పైగా గట్టిగా కొరికి పట్టుకోవాలి. 24 గంటల పాటు పుక్కిలించడం, ఉమ్మడం, పొగ తాగడం, స్ట్రాతో పీల్చడం కూడదు. మూడు నుంచి ఐదు రోజుల మధ్య తీవ్రమైన నొప్పి వస్తే రక్తపు గడ్డ ఊడి ఎముక బయటపడిందని అర్థం; వైద్యుని చూడాలి. రక్తం పలుచబడే మందులు వాడేవారు, గుండె కవాట సమస్య ఉన్నవారు ముందే ఆ సంగతి చెప్పాలి.

లోటు పళ్ల భర్తీ: తీసి పెట్టుకునే కట్టుడు పళ్లు, పక్క పళ్ల ఆధారంగా కట్టే బ్రిడ్జి, ఎముకలో అమర్చే ఇంప్లాంటు అనే మూడు మార్గాలున్నాయి. ఇంప్లాంటు పూర్తి కావడానికి నెలలు పడుతుంది. కట్టుడు పళ్లను రాత్రి తీసి, శుభ్రం చేసి నీటిలో ఉంచాలి.

విద్యుత్తు, డ్రిల్లింగ్‌ యంత్రం లేని చోట ఉపయోగపడే చికిత్సలూ ఉన్నాయి. చేతి పనిముట్లతో మెత్తబడిన భాగాన్ని గీకి తీసి గ్లాస్‌ అయనమర్‌తో పూడ్చే పద్ధతి 1980లలో టాంజానియాలో రూపుదిద్దుకుంది. 1994 ప్రపంచ ఆరోగ్య దినం సందర్భంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని ప్రోత్సహించింది. పుచ్చును అక్కడికక్కడే ఆపే సిల్వర్‌ డైఅమీన్‌ ఫ్లోరైడ్‌ ద్రావణం మరొకటి. పుచ్చిన భాగం నల్లబడటం దీని లోపం. నొప్పి, సూది లేకుండా చిన్నపిల్లల్లో వ్యాధిని నిలువరించడం దీని బలం. ఈ ద్రావణాన్ని, గ్లాస్‌ అయనమర్‌ను, ఫ్లోరైడ్‌ టూత్‌పేస్టును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది. మారుమూల దీవుల శిబిరాలకు ఇవి తగిన సాధనాలు.

ఏది ఆగుతుంది, ఏది ఆగదు

ఓడ కోసం ఎదురుచూడవచ్చా, వెంటనే బయలుదేరాలా అన్నది దీవివాసి ముందుండే ప్రశ్న. చల్లని పదార్థాలకు జివ్వుమనడం, ఫిల్లింగ్‌ ఊడటం, చిగుళ్ల నుంచి కొద్దిగా రక్తం రావడం వంటివి కొద్ది రోజులు ఆగగలవు. నిద్ర పట్టనివ్వని నొప్పి, కొరికితే భరించలేని బాధ, చిగురుపై చీము పొక్కు ఉంటే దొరికిన తొలి ప్రయాణంలోనే వైద్యుని చేరాలి.

ఈ కింది లక్షణాలు కనిపిస్తే మాత్రం గంటలు కూడా ఆలస్యం చేయరాదు. దవడ కింద, మెడలో వ్యాపించే వాపు; నాలుక కింద గట్టిపడి నాలుక పైకి లేవడం; మింగలేకపోవడం; ఊపిరి ఆడకపోవడం; నోరు తెరుచుకోకపోవడం; జ్వరంతో కూడిన ముఖవాపు. పంటి చీము మెడ లోపలికి పాకి శ్వాసమార్గాన్ని మూసివేసే ఈ స్థితి ప్రాణాంతకం. సమీప ఆరోగ్య కేంద్రానికి వెళ్లి, అక్కడి నుంచి అత్యవసర తరలింపు కోరాలి.

దెబ్బ తగిలి శాశ్వత దంతం ఊడిపడితే దానిని వేరు పట్టుకోకుండా పై భాగం పట్టుకుని తీయాలి. మట్టి అంటితే పాలతో గానీ, సెలైన్‌తో గానీ ఒకసారి కడిగి, వీలైతే అదే గుంటలో తిరిగి అమర్చి, శుభ్రమైన గుడ్డను కొరికి పట్టాలి. వీలుకాకపోతే పాలలో వేసి గంటలోపు వైద్యుని చేరాలి. మామూలు నీటిలో ఉంచరాదు. దీవుల్లో చేతికందే కొబ్బరి నీళ్లపై జరిగిన పరిశోధనలు ఏకాభిప్రాయానికి రాలేదు కనుక పాలు దొరికితే పాలే మేలు. పాల పన్ను ఊడితే తిరిగి పెట్టకూడదు.

నొప్పి ఉన్న చోట ఆస్పిరిన్‌ బిళ్ల అదిమి పెడితే చిగురు కాలుతుంది. లవంగ నూనె కొద్దిసేపు ఉపశమనం ఇస్తుందే తప్ప పుచ్చును నయం చేయదు. మిగిలిపోయిన యాంటీబయాటిక్‌లను సొంతంగా వాడటం తగదు. చీముకు మూలమైన పంటికి చికిత్స జరగకుండా మాత్రలతోనే వ్యాధి తొలగదు.

ప్రయాణికులకు, ఈతగాళ్లకు

హ్యావ్‌లాక్‌గా పేరొందిన స్వరాజ్‌ ద్వీప్‌ వంటి చోట్ల స్కూబా డైవింగ్‌కు ఏటా పర్యాటకులు తరలివస్తారు. నీటి లోతు పెరిగే కొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. పుచ్చిన పన్ను, వదులైన ఫిల్లింగ్‌, అసంపూర్ణ రూట్‌ కెనాల్‌ లోపల చిక్కుకున్న గాలి ఆ మార్పుకు లోనై తీవ్రమైన నొప్పి కలిగిస్తుంది. విమానంలోనూ ఇలా జరగవచ్చు. సెలవులకు బయలుదేరే ముందు పళ్లు పరీక్ష చేయించుకోవాలి. పన్ను తీయించుకున్న వారు వైద్యుడు అనుమతించిన తర్వాతే నీటిలో దిగాలి.

చికిత్స కోసం రాజధానికి లేదా ప్రధాన భూభాగానికి వెళ్లే దీవివాసులు తొలి రోజునే మూడు విషయాలు అడగాలి. ఎన్ని విడతలు పడుతుంది, ఒకే ప్రయాణంలో పూర్తి చేయవచ్చా, తాత్కాలిక ఫిల్లింగ్‌ ఎంతకాలం నిలుస్తుంది. పన్ను తీయించుకున్న రోజునే ఓడ ఎక్కడం క్షేమం కాదు. ఎక్స్‌రేలు, మందుల చీటీల ఫొటోలు ఫోనులో భద్రపరచుకోవాలి. చెన్నై నుంచి సముద్రగర్భంలో వేసిన కేబుల్‌ 2020 ఆగస్టులో ప్రారంభమైన తర్వాత దీవుల్లో ఇంటర్నెట్‌ మెరుగుపడింది. ప్రభుత్వ దూర వైద్య సేవ ఈ-సంజీవని ద్వారా ముందే సలహా పొంది, ప్రయాణం అవసరమో కాదో తేల్చుకునే వీలుంది.

పిల్లలు, గర్భిణులు

తొలి పన్ను రాగానే శుభ్రం చేయడం మొదలుపెట్టాలి. మూడేళ్ల లోపు పిల్లలకు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ల వారికి బఠాణీ గింజంత ఫ్లోరైడ్‌ పేస్టు చాలు. పాల సీసాతో నిద్రపుచ్చితే ముందు పళ్లు వరుసగా పుచ్చుతాయి. పాల పళ్లు ఎలాగూ ఊడేవే అన్న ధోరణి సరికాదు. అవి అకాలంగా పోతే శాశ్వత దంతాలకు చోటు తప్పుతుంది. ఆరో ఏట పాల పళ్ల వెనుక వచ్చే తొలి దవడ పన్ను శాశ్వత దంతమని చాలామంది తల్లిదండ్రులు గుర్తించరు. దాని పగుళ్లను సీలెంట్‌తో మూయిస్తే పుచ్చు నుంచి రక్షణ లభిస్తుంది.

గర్భిణుల్లో హార్మోన్ల మార్పుల వల్ల చిగుళ్లు వాచడం సాధారణం. అత్యవసర చికిత్స ఎప్పుడైనా చేయించుకోవచ్చు. మిగతా వాటికి నాలుగు నుంచి ఆరో నెల వరకు అనుకూల సమయం. ప్రసవానికి పట్టణం చేరేలోపే నోటి పరీక్ష పూర్తి చేసుకోవడం మంచిది. వేవిళ్ల వాంతుల తర్వాత వెంటనే తోముకోకుండా నీటితో పుక్కిలించి, అరగంట ఆగాలి.

ప్రతిరోజూ పాటించవలసినవి

ఉదయం, రాత్రి పడుకునే ముందు రెండేసి నిమిషాలు ఫ్లోరైడ్‌ పేస్టుతో తోముకోవాలి. రాత్రివేళ లాలాజలం తగ్గుతుంది కనుక రెండింటిలోనూ రాత్రి తోముకోవడమే ముఖ్యం. నురుగు ఉమ్మిన తర్వాత ఎక్కువ నీటితో పుక్కిలించకపోతే ఫ్లోరైడ్‌ పళ్లపై కొంతసేపు నిలుస్తుంది. మూడు నాలుగు నెలలకు ఒకసారి, కుంచెలు వంగితే అంతకంటే ముందే, బ్రష్‌ మార్చాలి. పళ్ల సందుల్లో దారంతో లేదా సన్నని బ్రష్‌తో శుభ్రం చేసుకోవాలి. పిన్నీసులు, అగ్గిపుల్లలు వాడరాదు.

బొగ్గు, ఇటుక పొడి, ముతక ఉప్పు ఎనామిల్‌ను అరగదీస్తాయి. వేప పుల్ల వాడేవారు దాని చివరను మెత్తగా నమిలి, చిగుళ్లకు గాయం కాకుండా తోముకోవాలి. అయితే అది ఫ్లోరైడ్‌ లోటును తీర్చదు. పొగాకు కలిపిన పళ్లపొడులు, పేస్టులను దేశంలో 1992లోనే నిషేధించారు. అలాంటివి ఏ రూపంలో అమ్మినా కొనకూడదు. భోజనాల మధ్య నీరు, చక్కెర లేని పానీయాలు తీసుకోవడం, ఏడాదికి కనీసం ఒకసారి నొప్పి లేకపోయినా పరీక్ష చేయించుకోవడం ప్రతి ఒక్కరికీ వర్తించే నియమాలు.

పళ్లున్నప్పుడు శనగలు లేవు, శనగలున్నప్పుడు పళ్లు లేవన్న సామెత వృద్ధాప్యంలో పళ్లు పోవడం సహజమన్న భావనను తరతరాలుగా మోస్తూ వచ్చింది. వయసు వల్ల మాత్రమే పళ్లు ఊడిపోవని, చికిత్స అందని పుచ్చు, చిగుళ్ల వ్యాధులే అందుకు ప్రధాన కారణమని వైద్యశాస్త్రం చెబుతోంది. ఓడలు, వానలు, దూరాలు దీవివాసుల చేతిలో లేవు. రాత్రి పడుకునే ముందు రెండు నిమిషాలు, తాంబూలానికి వీడ్కోలు, రెండు వారాలు దాటిన పుండుపై అప్రమత్తత మాత్రం వారి చేతిలోనే ఉన్నాయి.